దీర్ఘవ్యాధితో ఉద్యోగము

జ్వరము వచ్చిన మనిషిని చూచి ఇంటివారు నుదుట చేయి వేసి చూతురు. చేయి విరిగినవానికి కట్టు ఉండును. ఆ కట్టే అతని పక్షమున నలుగురితో మాటలాడును. కాని కొన్ని వ్యాధులకు కట్టు లేదు, దగ్గు లేదు, ఒంటిమీద వేడి లేదు. మనిషి నిన్నటివలెనే చొక్కా తొడుగుకొని, నిన్నటివలెనే సంచి తగిలించుకొని కార్యాలయమునకు వచ్చును. ఆ చొక్కా గుండీలు పెట్టుకొనుటకు ఇరువది నిమిషములు పట్టినదని చూచువారికి తెలియదు. "నీకేమి, నిక్షేపముగా ఉన్నావు" అందురు. ఈ మాట పడని రోగి మాకు ఇంతవరకు తటస్థపడలేదు.

మన శరీరమున రోగములనుండి కాపాడుటకై ఒక రక్షణ వ్యవస్థ కలదు. బయటినుండి వచ్చు క్రిములను గుర్తించి నిర్మూలించుట దాని పని. ఒక్కొక్కప్పుడు అది దారి తప్పి, స్వంత శరీరములోని భాగములనే పరాయివిగా ఎంచి దెబ్బతీయ మొదలుపెట్టును. కంచె చేను మేసినట్లని మనవారు అనునది ఇదియే. వైద్యులు వీనిని ఆటోఇమ్యూన్ వ్యాధులందురు. ఆ దెబ్బ కీళ్ళలోని పొరపై పడినచో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. నరముల తొడుగుపై పడినచో మల్టిపుల్ స్క్లెరోసిస్. ఇన్సులిన్ తయారుచేయు కణములపై పడినచో మొదటి రకపు మధుమేహము. చర్మము, కీళ్ళు, మూత్రపిండములు మొదలగు పలు చోట్లకు ప్రాకినచో లూపస్. వీనిలో చాలవాటికి అదుపులో ఉంచు మందులే కాని, మొదలంట తీసివేయు మందులు లేవు. అనగా ఒక నెల సెలవు పెట్టి, రోగము వదలించుకొని, మరల పనిలో చేరుట అను క్రమము ఇచ్చట చెల్లదు. వ్యాధియు ఉండును, ఉద్యోగమును ఉండవలెను. ఇరువది ముప్పది సంవత్సరములు ఆ రెండింటిని ఒకే ఇంట కాపురముంచవలసి యుండును.

వ్యాధిని గూర్చి, చికిత్సను గూర్చి వైద్యులు ఈ కేంద్రమునుండి పలుమారులు ప్రసంగించియున్నారు. నేడు మేము మాటలాడదలచినది ఉద్యోగమును గూర్చి. అందుకు మాకు గల అర్హత ఒక్కటే: రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ మా వ్రేళ్ళ కణుపులలో ప్రవేశించి పదునొకండు సంవత్సరములైనది, ఇన్నాళ్ళును మేము రేడియోలోనే పని చేయుచున్నాము.

ఈ వ్యాధికి ఒక గడియారము కలదు. నిద్ర లేచునప్పటికి వ్రేళ్ళు, మణికట్లు బిగిసియుండును. వయస్సు మీరినవారికి కీళ్ళ అరుగుదల వలన వచ్చు నొప్పి పని చేసినకొలది హెచ్చి, కూర్చున్నచో తగ్గును. ఇది అట్లు కాదు. విశ్రాంతి తరువాతనే బిగువు ఎక్కువ. అది వదలుటకు ఒక గంట, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు పట్టును. ప్రొద్దెక్కినకొలది చేయి చేయి యగును. రేడియోకును ఒక గడియారము కలదు. మొదటి ప్రసారమునకు అనౌన్సరు తెల్లవారకముందే స్టూడియోలో కూర్చుండవలెను. ఎదుట బల్లపై ధ్వనిని హెచ్చించి తగ్గించు మీటలు, మైకు ముందు కాగితములు. ఆ కాగితమును చప్పుడు కాకుండ తిప్పుట మా వృత్తిలో మొదటి దినమున నేర్పు విద్య. పిన్ను తీయుట, రెండు వ్రేళ్ళ నడుమ కాగితము నెత్తుట, ప్రక్కకు జరుపుట: శ్రోతకు వినబడరాని ఈ మూడు పనులను మా వ్రేళ్ళు సరిగా ఆ తెల్లవారుజామునే చేయ నిరాకరించినవి. గొంతు బాగుగనే ఉన్నది. భాష బాగుగనే ఉన్నది. చెడినది ఆ ఒక్క గంట.

ఒక గంట చెడినంతమాత్రమున ఉద్యోగమే చెడినదనుకొను వారు లోకమున చాలమంది. రోగులలో ఎక్కువ, పై అధికారులలో కొంచెము తక్కువ. వైద్యుడు వ్యాధి పేరు చెప్పిన నెలలోనే మేము మా పై అధికారి యొద్దకు పోయి, ఏమి చేయలేమో చెప్పుటతోపాటు ఏమి చేయగలమో కూడ కాగితముపై వ్రాసి యిచ్చితిమి. తెల్లవారుజాము డ్యూటీకి మారుగా సాయంకాలపు డ్యూటీ, రాత్రి డ్యూటీ అడిగితిమి. రాత్రి డ్యూటీ ఎవరికి మాత్రము ఇష్టము? పిల్లలను మధ్యాహ్నము బడినుండి తెచ్చుకొనవలసిన సహోద్యోగి యొకరు మా తెల్లవారుజాములను సంతోషముగా పుచ్చుకొనిరి. "మాకును మోకాళ్ళు నొప్పులే" అని సణిగినవారును లేకపోలేదు. ప్రసంగపాఠములను పిన్ను లేకుండ, ఒక వైపే అచ్చువేసి, పెద్ద అక్షరములలో, దళసరి కాగితముపై తీసికొనుట అలవాటు చేసికొంటిమి. బల్లపై ఒక మెత్తని గుడ్డ పరచి, కాగితమును ఎత్తకుండ అరచేతితో ప్రక్కకు నెట్టుచున్నాము. ఇంతవరకు ఆ చప్పుడు విన్నామని ఏ శ్రోతయు జాబు వ్రాయలేదు.

ఈ విషయమున మాకు మిక్కిలి ఉపకరించినది ఒక శాస్త్రజ్ఞురాలి జీవితము. డోరతీ హాడ్జ్‌కిన్ 1910 లో కైరో నగరమున జన్మించిన ఆంగ్ల వనిత. స్ఫటికములపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, ఫిల్ముపై పడిన చుక్కలను లెక్కించి, ఆ స్ఫటికములో ఏ అణువు ఎచ్చట నున్నదో కనుగొనుట ఆమె చేపట్టిన విద్య. ఇది తలతో మాత్రమే చేయు పని కాదు. పంచదార పలుకుకంటె చిన్నదైన స్ఫటికమును సూక్ష్మదర్శిని క్రింద ఎత్తి, కదలకుండ నిలబెట్టవలెను. అన్నియు వ్రేళ్ళ కొసలతో చేయు పనులు. అట్టి ఆమెకు 1934 లో, ఇరువది నాలుగేండ్ల వయస్సున, చేతులు నొప్పి పెట్టినవి. లండనులోని వైద్యుడు చూచి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని చెప్పెను.

1938 లో మొదటి బిడ్డ పుట్టిన పిదప ఆ వ్యాధి తీవ్రముగా విజృంభించినది. బక్స్‌టన్ అను ఊరికి పోయి కొన్ని వారములు చికిత్స పొందినది. తిరిగి ఆక్స్‌ఫర్డులోని ప్రయోగశాలకు వచ్చి చూడగా, ఎక్స్ కిరణముల యంత్రమునకు గల పెద్ద మీటను త్రిప్పుటకు ఆమె చేతులకు బలము చాలలేదు. అప్పుడామె ఏమి చేసినది? ఆ మీటకు పొడుగాటి పిడి ఒకటి చేయించి తగిలించుకొన్నది. అంతే.

ఈ పిడి మాట మేము మరల మరల తలచుకొందుము. చేతిని మీటకు తగినట్లు మార్చుట ఆనాటి వైద్యమునకు సాధ్యము కాలేదు. మీటను చేతికి తగినట్లు మార్చుట సాధ్యమైనది. ఆ పిడి తగిలించిన పిదపనే 1945 లో పెన్సిలిన్ నిర్మాణము, 1956 నాటికి బి12 విటమిన్ నిర్మాణము బయటపడినవి. 1964 లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఇన్సులిన్ స్ఫటికపు మొదటి చిత్రమును ఆమె తీసినది 1935 లో. దాని నిర్మాణము తేలినది 1969 లో. నడుమ ముప్పది నాలుగేండ్లు. కడపటి దశలో ఆ పని చేసిన బృందమున మన బెంగళూరు విజ్ఞాన సంస్థనుండి వెళ్ళిన ఎం. విజయన్ ఉండిరి. ఇచ్చట ఒక విశేషమును శ్రోతలు గమనింతురు గాక. బి12 విటమిన్‌తో లొంగు పెర్నీషియస్ ఎనీమియా అను పాండురోగమును, ఇన్సులిన్‌తో లొంగు మొదటి రకపు మధుమేహమును ఆటోఇమ్యూన్ జాతికి చెందినవే. ఆ జాతి వ్యాధి యొకటి ఆమె చేతులను వంకర చేయుచుండగా, ఆ చేతులే అదే జాతికి చెందిన మరి రెండు వ్యాధుల మందుల గుట్టు విప్పినవి. 1985 లో మాగీ హాంబ్లింగ్ అను చిత్రకారిణి ఆమె బొమ్మ వ్రాయుచు నాలుగు చేతులు పెట్టినది. కణుపులు ఉబ్బిన ఆ నాలుగు చేతులును ఒకేసారి బల్లపై పని చేయుచుండును. 1993 లో, చక్రముల కుర్చీలో కూర్చుండియే, ఆమె బీజింగులో జరిగిన స్ఫటికశాస్త్ర మహాసభకు పోయి వచ్చినది. మరుసటి యేడు మరణించినది.

ఇట్టి కథలు చెప్పి రోగులను సిగ్గుపరచుట మాకు ఇష్టము లేదు. "చూడు, ఆమె నోబెల్ బహుమానము తెచ్చుకొన్నది, నీవు గుమాస్తా పని కూడ చేయలేవా?" అను బంధువులు ఉందురు. వారికి మేము ఆయుధము అందించదలచుకొనలేదు. ఆమెకు ఇంటిపనికి, పిల్లల పనికి మనుషులు ఉండిరి. ఆమెను విడిచిపెట్టని కళాశాల ఉండెను. ఇట్టే పనిని పంచుకొను శిష్యులుండిరి. ఆమె గొప్పతనమును ప్రక్కనబెట్టి, ఆ పిడిని మాత్రమే ఇంటికి తెచ్చుకొందము.

1934 లో ఆమెకు లేనిది నేడు మనకు ఒకటి కలదు: మందు. ఆ మందు చరిత్రలో మన భీమవరపువాని పేరు ఉన్నది. 1895 లో అచ్చట పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1923 లో అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పని చేసి, తరువాత లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలను నడపెను. ఆయన నడపిన బృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. పిదప ఆ ఫోలిక్ ఆమ్లమునకు ఎదురు నిలుచు మందులను కూడ తయారుచేసినది. పిల్లలకు వచ్చు రక్తపు కాన్సరుకై అవి మొదట వాడబడినవి. సుబ్బారావు 1948 లోనే మరణించెను. ఆ జాతి మందు కీళ్ళవ్యాధికి పని చేయునను మాట 1951 లో వెలువడినను, ఎవరును అంతగా పట్టించుకొనలేదు. మెథోట్రెక్సేట్ అను పేరున, కాన్సరునకు ఇచ్చుదానికంటె చాల చిన్న మోతాదులో, రుమటాయిడ్ ఆర్థ్రైటిసునకు అమెరికా ప్రభుత్వము దానిని అంగీకరించినది 1988 లో. నేడు ఈ వ్యాధికి చాలమందికి మొదట వ్రాయు మందు అదియే. దాని వలన కలుగు ఇబ్బందులను తగ్గించుటకు తోడుగా ఇచ్చునది ఫోలిక్ ఆమ్లము. రెండు మాత్రలును ఒకే పరిశోధకుని ఇంటివి.

ఈ మెథోట్రెక్సేట్‌ను కీళ్ళకు వారమునకు ఒకే ఒక్కసారి పుచ్చుకొనవలెను. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఇంట పెద్దవారికి మందులు అందించువారు ఈ సంగతి మరువరాదు. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించవలెను. గర్భిణులకు, బిడ్డను కోరుకొనువారికి ఇది పనికిరాదు. వైద్యునితో చెప్పి ముందుగనే మార్చుకొనవలెను. కొందరికి మాత్ర వేసికొనిన మరునాడు వికారము, నీరసము కలుగును. అందుచేత ఉద్యోగస్థులు పలువురు శనివారము రాత్రి వేసికొని ఆదివారము పరుండెదరు. రేడియోకు ఆదివారము లేదు గనుక మేము మా వారపు సెలవునకు ముందునాటి రాత్రిని ఏర్పరచుకొంటిమి. వైద్యుడు ఏ వారము అని నిర్ణయింపడు. ఏ వారమునకు ఆ వారము తప్పకుండుటయే ముఖ్యము.

మందు సరిగా పడినచో, తొలి నెలలలోనే పడినచో, కీళ్ళు చాలవరకు వంకర పోవు. మన దేశమున కీళ్ళనొప్పి అన్నింటికి వాతమని ఒకే పేరు పెట్టి, తైలములతో ఒకటి రెండేండ్లు గడపి, ఎముక అరిగిన పిదప వైద్యుని చూచుట పరిపాటియైనది. రెండు చేతుల కణుపులును ఒకే తీరున వాచి, ప్రొద్దున గంటసేపు బిగిసి, ఆరు వారములు తగ్గకున్నచో వెంటనే రుమటాలజిస్టును చూచుట మంచిది. ఉద్యోగమును కాపాడుకొనుటలో సగము భాగము ఇందే ఉన్నది.

మిగిలిన సగమును గూర్చి ఇటీవల ఒక శ్రోత జాబు వ్రాసిరి. వారి కుమార్తెకు లూపస్ ఉన్నదట. బ్యాంకు ఉద్యోగపు పరీక్షలో నెగ్గినదట. ఈ సంగతి అచ్చట చెప్పవలెనా, దాచవలెనా అని వారి ప్రశ్న. జాబు చివర, సంకోచముతో, ఇంకొక వాక్యము కలదు: ఉద్యోగమున చెప్పినచో ఊరివారికి తెలియును, ఊరివారికి తెలిసినచో పెండ్లి సంబంధములు రావు.

మాకు తోచినది ఇది. మాటలతో జరుగు పరీక్షలో అమ్మాయి తన చదువును, పనిని గూర్చి చెప్పుకొనిన చాలును. ఎవరును అడుగనిదే వ్యాధి పేరు ముందుకు తేనక్కరలేదు. కాని వైద్యపరీక్ష కాగితముపై ప్రశ్న ఉన్నచో అబద్ధము వ్రాయరాదు. తరువాతి కాలమున అది ఉద్యోగమునకే ఉరి కాగలదు. పనిలో చేరి కుదురుకొనిన పిదప, ఎవరు పని పంచిపెట్టుదురో వారితో మాత్రము చెప్పవలెను. చెప్పునప్పుడు వ్యాధి చరిత్ర అంతయు విప్పనక్కరలేదు. "ఎండ తగిలినచో నా వ్యాధి తిరుగబెట్టును; కావున నన్ను ఊళ్ళు తిరుగు పనికి కాక లోపలి పనికి వేయుడు" అనిన చాలును. లూపస్ రోగులలో చాలమందికి ఎండ నిజముగనే శత్రువు.

చట్టము కూడ కొంత తోడున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున ఇరువది యొక్క వైకల్యములు పేర్కొనబడినవి. వానిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ కలదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ పేరు అందులో లేదు. కాని వ్యాధి వలన కాలుసేతుల కదలిక చెడినచో, కదలికకు సంబంధించిన వైకల్యము క్రింద వైద్యులు పరిశీలించి ధ్రువపత్రము ఈయవచ్చును. ఉద్యోగములో ఉండగా వైకల్యము వచ్చిన వానిని ప్రభుత్వ సంస్థలు తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు, చేయుచున్న పనికి తగడని తేలినచో అదే జీతముపై వేరొక పనికి మార్చవలెననియు ఆ చట్టము ఇరువదవ సెక్షనులో చెప్పుచున్నది. పని చేయుటకు తగిన సదుపాయములు కల్పించవలెననియు అందులోనే ఉన్నది. హాడ్జ్‌కిన్ పిడిని మన పార్లమెంటు తన భాషలో వ్రాసినదన్నమాట. ఇది ముఖ్యముగా ప్రభుత్వోద్యోగులకు వర్తించునది. ప్రైవేటు ఉద్యోగులకు ఇంత గట్టి హామీ లేదు. అచ్చట యజమాని మంచితనముపై, మన పనితనముపై బండి నడువవలెను. ఈ లోటు చిన్నది కాదు.

ఇక పెండ్లి మాట. ఆ తండ్రిగారి వాక్యము చదివి మేము చాలసేపు ఊరకుంటిమి. వారి భయము నిరాధారమని మేము అనలేము. అయినను లూపస్ గల స్త్రీ బిడ్డను కనదలచినచో ముందుగా వైద్యునితో ఆలోచించి, వ్యాధి అణగియున్న కాలము చూచి, మందులు మార్చుకొని, పిదప గర్భము ధరింపవలసి యుండును. అట్లు చేసికొని చక్కగా బిడ్డలను కనినవారు ఎందరో ఉన్నారు. భర్తకు తెలియకుండ ఇదెట్లు సాధ్యము? దాచి చేసిన పెండ్లిలో ఆ పిల్ల తన మందును కూడ దాచి మ్రింగవలెను. దాచిన మందు ఏదో ఒకనాడు తప్పును. తెలిసి వచ్చు సంబంధము ఒక్కటే వచ్చినను, అది మేలు.

దాచుటను గూర్చి మరొక సంగతి. అమెరికాలో ఫ్లానరీ ఓకానర్ అను రచయిత్రి ఉండెను. ఆమె తండ్రి 1941 లో లూపస్‌తో మరణించెను. 1951 లో ఇరువదియారవ యేట ఆమెకును అదే వ్యాధి కనబడినది. తల్లి, భయపడి, ఆ పేరు కూతురికి చెప్పనీయలేదు. కీళ్ళవ్యాధియే అనుకొని ఆమె దినములు గడపినది. 1952 లో ఒక స్నేహితురాలు నిజము చెప్పినది. చెప్పినందుకు ఆమె కృతజ్ఞత తెలుపుకొన్నది. తన శక్తిని లెక్క కట్టుకొని పని చేయ నారంభించినది. ప్రతి ఉదయము రెండు మూడు గంటలు వ్రాయుట, తక్కిన దినమంతయు ఆ వ్రాతకు బలము కూడబెట్టుట. మేడమెట్లు ఎక్కలేకున్నందున ఇంటి క్రింది గదినే పడకగదిగాను, వ్రాతగదిగాను చేసికొన్నది. పాడిపశువుల వ్యవహారమంతయు తల్లి చూచుకొన్నది. 1964 లో ముప్పది తొమ్మిదవ యేట మరణించుటకు ముందు రెండు నవలలు, ఒక కథాసంపుటము అచ్చయి, రెండవ సంపుటము సిద్ధమైనది. మొదట పేరు దాచిన తల్లియే తరువాత క్రింది గది ఏర్పాటు చేసినది. తల్లులు అట్లే ఉందురు.

మన ఇండ్లలో ఆ క్రింది గది ఏది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019 లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ గలవారు సుమారు 1 కోటి 80 లక్షలమంది. వారిలో నూటికి 70 మంది స్త్రీలు. ఉద్యోగము చేయు స్త్రీకి కార్యాలయమునకు ముందొక ఉద్యోగము, తరువాత నొక ఉద్యోగము ఇంటనే ఉన్నవి. వ్రేళ్ళు బిగిసిన ఆ గంటలోనే కుక్కరు మూత త్రిప్పవలెను, కొబ్బరికాయ కొట్టవలెను, తడిబట్టలు పిండవలెను, పిల్లకు జడ వేయవలెను. పై అధికారి డ్యూటీ మార్చినను ఇంటివారు మార్చకున్నచో ప్రయోజనమేమి? ప్రొద్దుటి వంటను ఇంటి మగవారు చేపట్టుట, కూరలను ముందునాటి రాత్రియే తరిగి ఉంచుట, ఇత్తడి బిందెకు మారుగా చిన్న చెంబులు వాడుట, గుండ్రని తలుపు పిడులు తీసివేసి మోచేతితో నొక్కదగిన పొడుగు పిడులు పెట్టుట: ఇవి వందల రూపాయల పని. గోరువెచ్చని నీటిలో చేతులుంచి పది నిమిషములు మెల్లగా ఆడించుకొనుటకు ఆమెకు తీరిక దొరికినచో ఆ గంట అరగంట యగును.

పిడితో పని జరుగని చోట్లును ఉన్నవి. 1967 డిసెంబరు 3 న కేప్‌టౌన్ నగరమున మొట్టమొదట మనిషి గుండెను మరొక మనిషికి అమర్చిన క్రిస్టియాన్ బర్నార్డుకు, అంతకు పదకొండేండ్ల ముందే, 1956 లో, ఇదే కీళ్ళవ్యాధి ఉన్నట్లు తేలినది. నొప్పి చేతులతోనే ఆయన ఆ శస్త్రచికిత్సలన్నియు చేసెను. 1983 లో, చేతులు ఇక సహకరింపకున్నందున, కత్తిని క్రిందబెట్టెను. పరులకు హాని కలుగు అవకాశమున్న పనిని సకాలమున విడుచుటకును ధైర్యము కావలెను. అట్లు విడిచినవారిని ఓడిపోయినవారని అనుట తగదు. మాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని నల్లబల్లపై వ్రాయలేని స్థితికి వచ్చినప్పుడు మొదట సుద్దముక్కకు గుడ్డ చుట్టి లావు చేసికొన్నది; తరువాత తరగతిని క్రింది అంతస్తునకు మార్పించుకొన్నది; ఆ పిదప బల్లపై వ్రాయు పనిని పిల్లలకే వంతులవారీగా అప్పగించినది. పిల్లల అక్షరములు బాగుపడినవని తల్లిదండ్రులు సంతోషించిరి. ఆమె ఇంకను పాఠములు చెప్పుచున్నది.

సెలవు, జీతము, చట్టము ఉన్నవారిని గూర్చి ఇంతవరకు మాటలాడితిమి. ఏనాటి కూలి ఆనాడే తెచ్చుకొనువారికి, నాట్లు వేయువారికి, బీడీలు చుట్టువారికి ఇవి ఏవియు లేవు. ప్రొద్దున గంట ఆలస్యముగా వచ్చిన కూలిమనిషిని మేస్త్రీ వెనుకకు పంపును. వారికి మేము చెప్పగల సలహా చాల స్వల్పము. మా వీధిలో ఒక కుట్టుపని చేయునామె కలదు. ఆమెకును ఈ వ్యాధియే. త్రొక్కుడు మిషనుకు చిన్న మోటారు పెట్టించినది. గుడ్డ కత్తిరించు పనిని చెల్లెలి కొడుకునకు నేర్పి, తాను కుట్టు మాత్రము చేయుచున్నది. ప్రొద్దున పది గంటలకు ముందు దుకాణము తలుపు తీయదు. ఆ సంగతి తలుపుపైననే వ్రాసి పెట్టినది. వారములో ఇత్తునను చోట రెండు వారములని చెప్పును. కొందరు వేరొక దర్జీ యొద్దకు పోయిరి, చాలమంది పోలేదు. దసరాకు ముందు పది దినములు మాత్రము, ఎవరు వచ్చి అడిగినను, ఆమె క్రొత్త గుడ్డ తీసికొనదు.